కాన్పు గది ప్రశ్నలకు జవాబు ఎవరు రాయాలి?

తెలంగాణలో వంద కాన్పులు జరిగితే అందులో 60కి పైగా సిజేరియన్లే. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది. కచ్చితంగా చెప్పాలంటే 60.7 శాతం. దేశం మొత్తం సగటు 21.5 శాతం. మన దగ్గర ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. రాష్ట్రాలన్నింటిలో మనదే మొదటి స్థానం. గర్వపడే మొదటి స్థానం కాదిది.

ఎందుకిలా అని అడిగితే తలా ఒక సమాధానం చెబుతారు. ముహూర్తం పిచ్చి అంటారు కొందరు. నొప్పులంటే భయం అంటారు ఇంకొందరు. ప్రైవేటు ఆస్పత్రుల బిల్లుల మహిమ అని మరికొందరు. మొదటి కాన్పు ఆపరేషన్ అయింది కాబట్టి రెండోదీ అంతే అని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. అన్నింట్లోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఏది ఎంత? ఏ ఊళ్లో, ఏ వయసు తల్లుల్లో, ఏ ఆస్పత్రిలో ఏ కారణం బలంగా ఉంది? దీనికి గట్టి సమాధానం కావాలంటే టీవీ చర్చలు చాలవు, పరిశోధన కావాలి.

ఆ పరిశోధన ఎవరు చేయాలి? డాక్టర్లు చేస్తారు, చేస్తున్నారు. విదేశీ యూనివర్సిటీల వాళ్లూ చేస్తారు. కానీ నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా తల్లి పక్కన నిలబడే మనిషి నర్సు. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడారో, ఏ నిమిషంలో నిర్ణయం మారిందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె చూసింది కేస్ షీట్‌లో రెండు లైన్లుగా మిగిలిపోతోంది. పరిశోధన పత్రం దాకా రావడం లేదు.

అందుకే ఈ వారం నర్సింగ్ చదువుతున్న, చదవాలనుకుంటున్న మీతో పీహెచ్‌డీ గురించి మాట్లాడాలనుకున్నాను. నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని. టెక్నాలజీ మీద రాసుకునేవాణ్ని. నర్సింగ్ సంగతి నీకెందుకు అని మీరు అడగొచ్చు. డేటా ఎక్కడ పుడుతుందో అక్కడున్నవాళ్లే దాన్ని చదవగలిగితే ఎంత తేడా వస్తుందో మా రంగం నాకు నేర్పింది. ఆస్పత్రిలో డేటా పుట్టేది నర్సు చేతిలోనే.

ముందు ఉద్యోగం లెక్క

రఘునాథపల్లి స్టేషన్లో పొద్దున్నే రైలెక్కి ఒకవైపు కాజీపేట, వరంగల్, ఇంకోవైపు సికింద్రాబాద్ పోయే పిల్లలు చాలామందికి చదువు అంటే మొదట ఉద్యోగమే. అందులో తప్పేం లేదు. అప్పు చేసి ఫీజు కట్టిన ఇంట్లో 'పరిశోధన' అనే మాట ఎత్తితే 'జీతం ఎప్పుడొస్తది?' అనే ప్రశ్నే ముందొస్తుంది. కాబట్టి మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. అయ్యాక రెండు మంచి దారులున్నాయి. ఒకటి, రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు నింపే నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు. 2022 చివర్లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో వీటి వేతన స్కేలు రూ.36,750 నుంచి మొదలైంది. 2024 సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రెండు, ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్ ఆఫీసర్ల కోసం పెట్టే ఉమ్మడి పరీక్ష నార్‌సెట్. ఇందులో ఏడో పే లెవెల్, ఆరంభ మూల వేతనమే రూ.44,900. మన హైవే మీదే ఉన్న బీబీనగర్‌లో ఒక ఎయిమ్స్ ఉంది కూడా.

ఇప్పుడు పీహెచ్‌డీ దారి చూడండి. బీఎస్సీ నాలుగేళ్లు, కనీసం ఏడాది పని అనుభవం, ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్లు. ఆపైన పీహెచ్‌డీ తక్కువలో తక్కువ మూడేళ్లు. పద్దెనిమిదో ఏట బీఎస్సీలో చేరిన అమ్మాయి, ఎక్కడా ఆగకుండా చదివితే ఎమ్మెస్సీ పూర్తయ్యేసరికి పాతికేళ్లు. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ఇరవై ఎనిమిది, కొంచెం అటూ ఇటూ అయితే ముప్పై. ఈ మధ్యలో పెళ్లి ఎప్పుడు అనే ప్రశ్న ఇంట్లో ఎన్నిసార్లు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. చాలామందికి ఉద్యోగం ముందు, పీహెచ్‌డీ తర్వాత అనే వరుసే సరైంది. జీతం కోసమే కాదు. వార్డులో రెండు మూడేళ్లు పనిచేయకుండా పరిశోధనకు కూర్చుంటే మీ ప్రశ్న పుస్తకంలోంచి వస్తుంది. పనిచేసి కూర్చుంటే మంచం పక్క నుంచి వస్తుంది. థీసిస్ బలం అక్కడే తేలిపోతుంది. అయితే 'తర్వాత' అంటే 'ఎప్పుడో' కాదు. ఆ తర్వాతకు ఇప్పటి నుంచే దారి వేసుకోవాలి.

నర్సు చేసిన పరిశోధన ఏం మార్చింది?

పీహెచ్‌డీ అంటే పేరు ముందు 'డాక్టర్' అని పెట్టుకోవడానికి, ప్రిన్సిపాల్ పోస్టుకు అని మనలో చాలామంది లెక్క. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ప్రిన్సిపాల్, ప్రొఫెసర్ పోస్టులకు కావాల్సింది ఎమ్మెస్సీ, ఏళ్ల తరబడి అనుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిది అన్నారు తప్ప తప్పనిసరి అనలేదు. కేవలం పోస్టు కోసమే అయితే అన్నేళ్ల కష్టం ఎందుకు అని ఎవరైనా అడిగితే వాళ్లది తప్పు కాదు.

కానీ ఈ చదువుకు అసలు విలువ వేరే చోట ఉంది. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పగానే మనకు దీపం పట్టుకున్న బొమ్మ గుర్తొస్తుంది. ఆమె చేతిలో దీపంతో పాటు లెక్కల పుస్తకం కూడా ఉండేది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల వల్ల కంటే నివారించదగ్గ రోగాల వల్లే ఎక్కువగా చనిపోయారని ఆమె అంకెలతో చూపించింది. ఆ అంకెలను 1858లో గుండ్రటి చిత్రపటాలుగా గీసింది. ఈరోజు మనం ల్యాప్‌టాప్‌లో డ్యాష్‌బోర్డ్ అంటున్న దానికి అమ్మమ్మ లాంటిది ఆ బొమ్మ. ఒక్కసారి కూడా ఇండియాకు రాకుండానే, ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యం మీద వచ్చిన లెక్కలను ఇంగ్లండ్‌లో కూర్చుని విశ్లేషించింది.

దగ్గరి కాలానికి వద్దాం. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల సమాచారం తీసుకుని 2002లో ఒక పరిశోధన ప్రచురించింది. ఒక నర్సు చూసుకోవాల్సిన రోగుల సంఖ్యకు మరొకరు కలిసిన ప్రతిసారీ, ఆపరేషన్ అయిన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. 'సిస్టర్లు సరిపోవట్లేదు' అనే ఫిర్యాదు మన ఆస్పత్రుల్లో రోజూ వినేదే. ఫిర్యాదును ఫైల్లో పెట్టి మర్చిపోవచ్చు. అంకె అయ్యాక దాన్ని పక్కన పెట్టడం కష్టం. నర్సు, రోగుల నిష్పత్తి మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ పరిశోధన పేరు వస్తుంది.

కాన్పుల విషయంలో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ జేన్ శాండల్ పని చూడండి. ఆమె స్వయంగా మిడ్‌వైఫ్. గర్భం నుంచి కాన్పు దాకా ఒకే మిడ్‌వైఫ్ బృందం తోడుంటే ఏమవుతుంది అనే దాని మీద జరిగిన అధ్యయనాలన్నీ ఆమె బృందం ఒకచోట చేర్చింది. 2016 నాటి సమీక్షలో 15 అధ్యయనాలు, 17,674 మంది తల్లులు. పరికరాలు పెట్టి బిడ్డను లాగే కాన్పులు తగ్గాయని తేలింది. మరి సిజేరియన్లు? అప్పటికి స్పష్టమైన తేడా కనిపించలేదు. ఆ మాటను దాచకుండా అలాగే రాశారు. 2024లో కొత్త అధ్యయనాలు కలిపి మళ్లీ చూసినప్పుడు సిజేరియన్లు కూడా తగ్గే అవకాశం ఉందని తేలింది.

ఇందులో మీరు గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, 'మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి' అని మన పెద్దల సామెత. పరిశోధనకు ఇంతకంటే మంచి సూత్రం లేదు. మీరు కోరుకున్న ఫలితం రాకపోయినా వచ్చినదాన్నే పట్టుకుని రాయాలి. రెండోది, 2016 సమీక్షలోని ఆ 15 అధ్యయనాలూ ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, బ్రిటన్‌లలో జరిగినవి. సిజేరియన్ల లెక్క ఇంత పైన ఉన్న మన నేల నుంచి అందులో ఒక్కటీ లేదు.

మన దగ్గర దారి పడింది

అలాగని మనవాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లోనే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. తెలంగాణ ముందు నడిచింది, దేశం వెనక వచ్చింది అనుకోవచ్చు.

ఇది ప్రాక్టీసు శిక్షణ. చేతికి పని నేర్పుతుంది. ఆ పని వల్ల తల్లులకు ఏం మేలు జరిగింది, ఎక్కడ జరగలేదు, ఎందుకు జరగలేదు అని తేల్చే పని ఇంకొకటుంది. అదే పరిశోధన. మన దగ్గర ఆ దారి ఎక్కువగా ఎమ్మెస్సీలో ప్రసూతి, గైనకాలజీ నర్సింగ్ స్పెషలైజేషన్ తీసుకుని, దాని మీద పీహెచ్‌డీకి వెళ్లడం. సామాజిక ఆరోగ్య నర్సింగ్ తీసుకున్నవాళ్లకూ ఈ విషయం అందుతుంది.

ఇంకో మార్పు మీ కళ్ల ముందే జరిగింది. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, జయశంకర్ భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే ఒకప్పుడు వరంగల్ ఎంజీఎం దాకా పోతేనే దొరికే బోధనాసుపత్రి ఇప్పుడు జిల్లా కేంద్రంలోనే ఉంది. పరిశోధన చేసేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. పెద్ద సంఖ్యలో రోగులు, రికార్డులు, నైతిక విలువల కమిటీ ఇవన్నీ ఇంటికి గంట దూరంలోకి వచ్చినట్టే.

పెద్ద ప్రశ్నను చిన్నది చేయడం ఎలా?

పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లి 'సిజేరియన్లు ఎందుకు పెరుగుతున్నాయో పరిశోధిస్తాను' అంటే బోర్డు నవ్వి ఊరుకుంటుంది. అది పరిశోధన ప్రశ్న కాదు, పేపర్ హెడ్డింగ్. దాన్ని ఎలా చిన్నది చేయాలో చూద్దాం.

డాక్టర్ మైకేల్ రాబ్సన్ తయారుచేసిన ఒక వర్గీకరణ ఉంది. ఆస్పత్రికి వచ్చే ప్రతి గర్భిణినీ పది గుంపుల్లో ఒకదాంట్లో వేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అన్ని ఆస్పత్రులూ దీన్నే వాడాలని సూచించింది. దీనికి కావాల్సిన సమాచారం ఏమంత పెద్దది కాదు. ఇది ఎన్నో కాన్పు, ఇంతకుముందు సిజేరియన్ అయ్యిందా, ఒక్క బిడ్డా కవలలా, బిడ్డ తల కిందికి ఉందా, ఎన్నో వారం, నొప్పులు వాటంతట అవే వచ్చాయా లేక మందు పెట్టి తెప్పించారా. ఇవన్నీ మీరు రోజూ కేస్ షీట్‌లో నింపేవే.

ఇప్పుడు ఒక ఆస్పత్రిలో ఏడాది కాన్పులను ఈ పది గుంపుల్లోకి సర్దారనుకోండి. ఏ గుంపులో ఆపరేషన్లు ఎక్కువ అవుతున్నాయో వెంటనే కనిపిస్తుంది. మొదటి కాన్పు, నెలలు నిండి, తల కిందికి ఉండి, నొప్పులు సహజంగా వచ్చిన తల్లుల్లోనే ఆపరేషన్లు ఎక్కువగా ఉంటే సమస్య ఒక రకం. మొదటిది ఆపరేషన్ అయిన తల్లులే ఎక్కువగా ఉంటే ఇంకో రకం. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

అక్కడి నుంచి మీ ప్రశ్న పుడుతుంది. ఉదాహరణకు: 'మొదటి కాన్పుకు జిల్లా ఆస్పత్రికి వచ్చిన తల్లులకు నొప్పులు మొదలైనప్పటి నుంచి చివరిదాకా శిక్షణ పొందిన ఒకే నర్సు తోడుంటే ఆపరేషన్లు తగ్గుతాయా?' ఇప్పుడు ఇది కొలవగలిగే ప్రశ్న. ఎవరిని పోల్చాలో, ఏం లెక్కపెట్టాలో, ఎంత మంది కావాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

కాన్పులు ఒక్కటే కాదు. భూపాలపల్లిలో సింగరేణి గని కార్మికులున్నారు. షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకు నిద్ర, బీపీ, నడుం నొప్పి ఎలా ఉన్నాయి? మహబూబాబాద్ తండాల్లో బాలింతకు ఏం తినాలో, ఏం తినకూడదో ఎవరు చెబుతున్నారు? ఏఎన్‌ఎం చెప్పిన మాట, అత్త చెప్పిన మాట వేరైతే ఎవరి మాట నెగ్గుతోంది? పత్తి చేలల్లో మందు కొట్టే కూలీలు మన పీహెచ్‌సీలకు ఏ బాధలతో వస్తున్నారు? షుగర్ మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? ఇందులో ప్రతి ఒక్కటీ ఒక థీసిస్. లంబాడా భాష వచ్చిన అమ్మాయికి, కోయ భాష తెలిసిన అబ్బాయికి ఈ పనిలో ఉన్న బలం పెద్ద నగరాల పరిశోధకులకు లేదు. తల్లి తన భాషలో చెప్పిన బాధ అనువాదంలో సగం పోతుంది. మీకు ఆ నష్టం లేదు.

నిబంధనలు క్లుప్తంగా

యూజీసీ 2022 నవంబరులో పీహెచ్‌డీకి కొత్త నిబంధనలు తెచ్చింది. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. యూనివర్సిటీ సొంతంగా ప్రవేశ పరీక్ష పెడితే సగం మార్కులు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద. ఆ తర్వాత ఇంటర్వ్యూ. కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అవసరమైతే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. మహిళలకు ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. పెళ్లయితే పీహెచ్‌డీ అటకెక్కినట్టే అనే ఇంట్లోవాళ్లకు ఈ నిబంధన చూపించండి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు. పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దూరవిద్య పీహెచ్‌డీ, ఆన్‌లైన్ పీహెచ్‌డీ మాత్రం చెల్లవు. ఎవరైనా ఇస్తామంటే అక్కడే ఆగిపోండి.

ఎక్కడ చేయాలి? దేశంలో నర్సింగ్ ఉన్నత విద్యకు పాత పేరు ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగ్ కాలేజీ. 1959లో దేశంలో మొదటి నర్సింగ్ మాస్టర్స్ అక్కడే మొదలైంది. భారత నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి నర్సింగ్ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్టియం పెట్టింది. మానసిక ఆరోగ్య నర్సింగ్‌కు బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి జాతీయ సంస్థలకు సొంత నిబంధనలు, సొంత పరీక్షలు ఉంటాయి. మణిపాల్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీలూ ఉన్నాయి. మన వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లను ఎలాగూ చూస్తుంటారు కదా, వాటిలో పరిశోధనకు సంబంధించినవీ వెతకండి. ఇంకో సంగతి, 2023లో పార్లమెంటు చేసిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలోకి వస్తుంది. కాబట్టి సీనియర్లు చెప్పిన పాత రూల్ కంటే చేరే సంవత్సరపు నోటిఫికేషన్‌నే నమ్ముకోండి.

డబ్బు, మోసాలు

డబ్బు దగ్గర నర్సింగ్‌కు ఒక చిక్కుంది. యూజీసీ నెట్ పరీక్షలో నర్సింగ్ అనే సబ్జెక్టు లేదు. అందుకే ఇతర పీజీ విద్యార్థులకు దొరికే జేఆర్ఎఫ్, అంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, నర్సింగ్ వాళ్లకు సూటిగా అందదు. చేరే సంస్థే ఫెలోషిప్ ఇస్తుందా అన్నది అప్లికేషన్ పెట్టకముందే తేల్చుకోవాలి. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. పీజీ మార్కులే దీనికి ఆధారం, నెట్ అక్కర్లేదు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పిల్లలు దీన్ని తప్పకుండా దృష్టిలో పెట్టుకోవాలి.

ఇక మోసాలు. 'రెండేళ్లలో పీహెచ్‌డీ గ్యారంటీ, యూనివర్సిటీకి రావాల్సిన పనే లేదు' అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే అది చదువు అమ్మకం. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను నిబంధనలు పాటించలేదని ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలు చేపట్టకుండా నిషేధించింది. అక్కడ డబ్బు కట్టినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. థీసిస్ రాసిపెడతాం అనే బేరాలూ ఇలాంటివే. రోగుల ప్రాణాలతో ముడిపడిన చదువులో దొంగ అంకెలు రాస్తే అది కాపీ కొట్టడంతో ఆగదు, రేపు ఎవరో ఆ అంకె నమ్మి వైద్యం చేస్తారు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పెళ్లి సంబంధం చూసినంత శ్రద్ధ పెట్టండి. ఆయన లేదా ఆమె దగ్గర ఇప్పటికి ఎంతమంది పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎందరు మానేశారు అని పాత స్కాలర్లను అడగండి. శోధ్‌గంగ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దేశంలోని థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీరు అనుకుంటున్న గైడ్ కింద వచ్చిన రెండు థీసిస్‌లు తీసి చదవండి. గంటలో విషయం అర్థమైపోతుంది.

మూడో ఏడాది నుంచే చేయగలిగినవి

ఇది నా రంగానికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోతే పరిశోధన కాదు అనే భయం వదిలేయండి. గణాంకాలకు జమోవి అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎక్సెల్ వచ్చినవాళ్లకు వారంలో చేయి తిరుగుతుంది. ఇంకా ముందుకు పోవాలంటే ఆర్ ఉంది, అదీ ఉచితమే. చదివిన పత్రాలను దాచుకోవడానికి, రిఫరెన్సులు వరుసగా పెట్టుకోవడానికి జొటేరో. ఊళ్లో సర్వే చేయాలంటే కోబో టూల్‌బాక్స్‌తో ఫోన్‌లోనే తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేని తండాలో కూడా నింపి తర్వాత పంపొచ్చు.

పరిశోధన పద్ధతులు నేర్చుకోవడానికి ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌పీటెల్‌లో 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్' అనే కోర్సు నడుపుతుంది. వీడియోలు ఉచితం. వైద్య పత్రాల కోసం పబ్‌మెడ్ ఉంది. పూర్తి పత్రం చదవాలంటే డబ్బులడిగే జర్నల్స్ కోసం కేంద్రం 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమలు చేస్తోంది. ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 జర్నల్స్ దీనికింద అందుబాటులోకి వస్తాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక అలవాటు కావాలి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. డ్యూటీలో 'ఇదెందుకిలా జరుగుతోంది?' అనిపించిన ప్రతిదాన్నీ ఒక్క వాక్యంగా రాయండి. రోగి పేరు, గుర్తుపట్టే వివరాలు మాత్రం రాయొద్దు. ఆరు నెలలకు తిరిగి చూస్తే ఒకే ప్రశ్న నాలుగైదుసార్లు కనిపిస్తుంది. అదే మీది. ఫైనలియర్‌లో చేసే చిన్న ప్రాజెక్టును సీనియర్ల ఫైల్ చూసి నింపేయకుండా ఆ ప్రశ్న మీదే చేయండి. నైతిక విలువల కమిటీ అనుమతి ఎలా తీసుకోవాలి, తల్లికి అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం ఎలా రాయాలి అన్నవి అక్కడే నేర్చుకోవచ్చు.

ఇంగ్లిష్ గురించి బెంగ ఎక్కువమందికి ఉంటుంది. థీసిస్ ఇంగ్లిష్‌లోనే రాయాలి, నిజమే. కానీ పరిశోధన ఇంగ్లిష్‌కు కావాల్సింది ఆడంబరం కాదు, సూటిదనం. వారానికి ఒక పత్రం చదివి దాని సారాన్ని ఐదు వాక్యాల్లో మీ సొంత మాటల్లో రాయండి. రెండేళ్లకు వంద పత్రాలు. ఇంటర్వ్యూ బోర్డు ముందు మీ గొంతు వణకదు.

ప్రభుత్వం చేయాల్సింది

భారమంతా విద్యార్థి మీద వేసి తప్పుకుంటే న్యాయం కాదు. జిల్లాకో మెడికల్ కాలేజీ కట్టిన రాష్ట్రం, వాటి పక్కన నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లను కూడా తయారుచేసుకోవాలి. రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం నర్సింగ్ పరిశోధనకు ఏటా కొన్ని ఫెలోషిప్‌లు ప్రకటించాలి. ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పీహెచ్‌డీకి వెళ్తే జీతంతో కూడిన చదువు సెలవు, తిరిగొచ్చాక ఆ చదువు పనికొచ్చే పోస్టు ఉండాలి. పీహెచ్‌డీ చేసి వచ్చిన సిస్టర్‌ను మళ్లీ అదే నైట్ డ్యూటీ రిజిస్టర్ ముందు కూర్చోబెడితే ఆమెను చూసి ఇంకొకరు ఆ దారి పట్టరు. యూజీసీ కూడా నెట్‌లో నర్సింగ్‌ను చేర్చే విషయం ఆలోచించాలి. నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ చదివిన రంగానికి జేఆర్ఎఫ్ తలుపు మూసి ఉంచడంలో అర్థం లేదు.

కాన్పులు ఆస్పత్రిలోనే జరగాలి అనే లక్ష్యాన్ని మనం దాదాపు అందుకున్నాం. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. 2018-20 నాటి నమూనా నమోదు లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే మన దగ్గర 43. ఇదంతా ఆశలు, ఏఎన్‌ఎంలు, నర్సుల చెమట. తల్లిని ఆస్పత్రికి తేవడం అయింది. వచ్చిన తల్లికి అవసరమైనప్పుడే ఆపరేషన్ జరిగేలా చూడటం తర్వాతి పని. అది మొదలుపెట్టడానికి మీరు పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు. ఈ వారం మీ క్లినికల్ పోస్టింగ్ లేబర్ రూమ్‌లో ఉంటే, మేడమ్ అనుమతి తీసుకుని గత నెల కాన్పులను రాబ్సన్ పది గుంపుల్లోకి సర్ది చూడండి. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, రెండు సాయంత్రాలు చాలు.